తిరిగిచ్చిన తంబువా

బేచూని పుట్టిన ఆరో రోజునే గుప్పెడు ఉప్పుకి అమ్మేశారు. అంతకుముందు వాళ్ళమ్మకి ముగ్గురు పుట్టారు, ముగ్గురూ పురిట్లోనే పోయారు. అమ్మేసిన బిడ్డ జోలికి చావు రాదని వాళ్ళ ముసలమ్మ గట్టిగా చెప్పింది. ఫిజీ చెరకు తోటల్లో గిర్మిట్ కూలికి, అంటే అయిదేళ్ళ ఒప్పందం చాకిరీకి, ఓడలెక్కి వచ్చినవాళ్ళు పళ్ళాలూ దుప్పట్లూ తెచ్చుకున్నట్టే ఈ నమ్మకాన్నీ వెంట తెచ్చుకున్నారు. బేచూ అంటేనే వాళ్ళ భాషలో అమ్మేసినవాడని.

అమ్ముదామంటే కొనేవాళ్ళు ఉండాలి కదా! వైతుంబు లోయలో అప్పటికి ఉన్నవి మూడే భారతీయుల ఇళ్ళు, మూడూ ఒక్క కుటుంబానివే. ఇంట్లోవాళ్ళకే అమ్మితే చావు అంత అమాయకంగా నమ్మేస్తుందా? అందుకని వాగు దాటి ఫిజియన్ల ఊళ్ళోకి వెళ్ళి, పిల్లల్లేని లైసానిని బతిమాలి తీసుకొచ్చారు. ఆవిడ గుప్పిట్లో ఉప్పు పట్టుకుని వచ్చి, గుడ్డలో చుట్టిన పసివాణ్ణి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత చిన్న సరుక్కి ఇంత ఉప్పా? ఏడుపు మాత్రం పెద్దదే ఉంది!" అని బేరం కూడా ఆడింది.

ఉప్పు పోసి, బిడ్డని తీసుకుని, గడప దాటి నాలుగడుగులు నడిచి వెనక్కి వచ్చింది. "మా అబ్బాయికి కాస్త పాలిచ్చి పెంచిపెట్టండమ్మా" అని తల్లి ఒళ్ళో పెట్టింది. అందరూ నవ్వుకున్నారు. లైసాని మాత్రం దాన్ని ఆటలా తీసుకోలేదు. చచ్చేదాకా ఆ పిల్లాణ్ణి నా కొడుకనే అంది. పండగకి కొత్త బట్ట ముందు వాడికే, ఉడకబెట్టిన దాలో అనే చేమదుంపల్లో మెత్తటిది వాడికే.

ఈ లైసాని తమ్ముడి కొడుకు అపిసాయి, బేచూ కన్నా నాలుగు నెలలు పెద్ద. మేనత్త కొన్న బిడ్డ మరేమవుతాడు? బావే అవుతాడు. ఫిజియన్లు తవలే అంటారు, వరస మాత్రం అచ్చం అదే. ఆ వరసలో ఎంత మాటైనా అనొచ్చు, ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. వీళ్ళిద్దరూ ఆ సౌకర్యాన్ని ఏ రోజూ వృథా చెయ్యలేదు.

"ఏరా ఉప్పు బావా, నిన్ను కొన్న ఉప్పుతో చేపలు ఎండబెట్టుకున్నా సుఖపడేవాళ్ళం!"

"దుంప మొహం బావా, నిన్ను ఊరికే ఇస్తానన్నా ఎవడూ పట్టుకెళ్ళలేదటగా!"

వాళ్ళకి పదేళ్ళున్నప్పుడు ఒక సంగతి జరిగింది. పక్క తెగవాళ్ళు తంబువా పట్టుకుని అపిసాయి ఇంటికొచ్చారు. తంబువా అంటే పేనిన తాడు కట్టిన తిమింగలం పన్ను. పెళ్ళికైనా చావుకైనా, సాయం అడగాలన్నా తప్పు ఒప్పుకోవాలన్నా దాన్ని రెండు చేతులతో ముందు పెట్టి మాట చెప్తారు. అవతలివాడు దాన్ని అందుకున్నాడా, ఇక ఆ మాట కాదనడానికి లేదు. వచ్చినవాళ్ళు పడవ అడగబోతున్నారనుకుని అపిసాయి నాన్న, మాట పూర్తవకుండానే చెయ్యి చాచి పన్ను అందుకున్నాడు. వాళ్ళు అడిగింది పెద్ద పందిని. మూడేళ్ళు మేపిన పంది! తాడు పట్టుకుని దాన్ని వాళ్ళకి అప్పగిస్తూ ఆ పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పట్నుంచీ అపిసాయి దేనికి తొందరపడ్డా బేచూ ఒకటే మాట: "నెమ్మది బావా, పంది పోతుంది."

వైతుంబులో భూమి అమ్మకానికి ఉండదు. అది తెగది, తెగవాళ్ళు కౌలుకిస్తారు. బేచూ తాత గిర్మిట్ అయిదేళ్ళూ పూర్తిచేసి, వెనక్కి వెళ్ళే ఓడ ఎక్కకుండా, అపిసాయి తెగ దగ్గర పదకొండు ఎకరాల కొండవాలు తీసుకున్నాడు. అడవి కొట్టి అల్లం వేశాడు. పై మడి మూలలో ఎవరికీ కనపడకుండా రాళ్ళు పేర్చి నేల కింద నీళ్ళదారి కట్టాడు. వానాకాలంలో, జనవరి మొదటి వారంలో దాని మూతి తవ్వి తెరవాలి. లేకపోతే నీళ్ళు నిలిచి అల్లం దుంపలోనే కుళ్ళిపోతుంది. తాత కొడుక్కి చెప్పాడు, కొడుకు బేచూకి చెప్పాడు. బేచూకి ఇద్దరూ కూతుళ్ళే. చిన్నది ఊర్మిళకి చెప్పాలనుకుంటూనే ఉండేవాడు.

డెబ్భైలో స్వాతంత్ర్యం వచ్చిన రోజు బడి మైదానంలో జెండా ఎగరేశారు. తెగ పెద్ద, పూజారి, పాస్టరు, పట్నం నుంచి వచ్చిన చీనా కొట్టాయన అందరూ ఒకే చాప మీద కూచుని యంగోనా వేళ్ళు దంచి కలిపిన మత్తునీళ్ళు తాగారు. అపిసాయి నాలుగు చిప్పలు ఎక్కువే పట్టించాడు.

"ఇవాళ్టినుంచీ దేశం మాది, అల్లం నీది బావా."

"దేశం నీదైతే మరి గొడ్డలి పట్టుకుని పనికి రా. నువ్వు దేశాన్ని కాపాడేలోపు నా అల్లం ఎండిపోతుంది."

ఆ ఏడాది ఆఖర్లోనే ముప్పై ఏళ్ళకి కొత్త కౌలు రాశారు. రెండువేల సంవత్సరం డిసెంబరు దాకా. అప్పుడు ఇరవై ఆరేళ్ళవాడికి ముప్పై ఏళ్ళంటే ఎంత దూరం! బేచూ చదవకుండానే సంతకం పెట్టేశాడు.

అపిసాయి సైన్యంలో చేరాడు. ఐక్యరాజ్య సమితి వాళ్ళు లెబనాన్‌లో శాంతి కాపాడటానికి సైనికులు కావాలంటే ఈ చిన్న దేశం ఊళ్ళకి ఊళ్ళని పంపింది. అక్కడ ఎవరు ఎవర్ని ఎందుకు కాలుస్తున్నారో అపిసాయికి ఏనాడూ అర్థం కాలేదు. "ఇద్దరి మధ్యా నిలబడి ఇద్దరి తిట్లూ తినడమే ఉద్యోగం బావా, పెళ్ళయినవాడికి కొత్తేముంది" అని ఉత్తరం రాశాడు. అతను అక్కడుండగానే లైసాని పోయింది. గొయ్యి తవ్వింది బేచూ. చాపలు పరిచిందీ, కొడుకులా నల్లబట్ట కట్టుకుని నలభై రోజులు జుట్టు తియ్యకుండా ఉన్నదీ బేచూనే. అపిసాయి పిల్లలకి బడి దుస్తులు కుట్టింది బేచూ భార్య రజ్వంతి, తన కుట్టుమిషన్ మీద.

ఎనభై ఏడు మేలో సైనికులు పార్లమెంటులోకి నడిచి వెళ్ళి, ఎన్నికై నెల దాటిన ప్రభుత్వాన్ని దించేశారు. ప్రభుత్వంలో భారతీయులు ఎక్కువైపోయారన్నది వాళ్ళ బాధ. పట్నంలో కొట్లు పగిలాయి. లోయలోకి కుర్రకారు రాళ్ళు పట్టుకుని వస్తున్నారని తెలిసి, సెలవు మీద ఇంటికొచ్చిన అపిసాయి పరుగున వచ్చి రజ్వంతినీ ఆడపిల్లలిద్దర్నీ వాగు ఎగువకి తీసుకెళ్ళాడు. అక్కడ వెదురు దుబ్బు వెనక ఒక గుహ ఉంది. చిన్నప్పుడు వీళ్ళిద్దరూ వాగు రొయ్యలు కాల్చుకు తినేవాళ్ళు అందులో. ఊళ్ళో మూడో మనిషికి ఆ చోటు తెలీదు. మూడు రోజులు అపిసాయి కత్తి పట్టుకుని దాని ముందు కూచున్నాడు.

"నీ పటాలంవాళ్ళు నిన్ను వెతకరా బావా?" అన్నాడు బేచూ, లోపల భయంతో చస్తూ.

"వెతకనీ. లెబనాన్‌లో ఎవరెవరి కొంపలకో కాపలా కాశాను, ఇక్కడ మా చెల్లెలి కొంపకి కాయలేనా?"

బావ భార్య చెల్లెలే కదా వరసకి. రజ్వంతి ఆ మాటకి ఏడ్చేసింది. తర్వాత పదమూడేళ్ళ పాటు ప్రతి రాఖీకి వాగు దాటి వెళ్ళి అతనికి దారం కట్టి వచ్చేది.

మనుషుల్లో ఎప్పుడు ఏం మారుతుందో ఎవడు చెప్పగలడు? అపిసాయి సైన్యం వదిలి ఇంటికొచ్చి కూచున్నాడు. లెబనాన్ బూట్లు తప్ప మిగిలిందేమీ లేదు. తెగలో కుర్రాళ్ళు సభలో దెప్పేవాళ్ళు: "పదకొండు ఎకరాలు ఆ అల్లంవాడు తింటున్నాడు, నువ్వు వాడి బావవని చెప్పుకు తిరుగు." కౌలు అయిపోయాక ఆ భూమి నీకేనని ఎవరో ఆశ కూడా పెట్టారట. ఇదంతా బేచూకి తర్వాతెప్పుడో తెలిసింది. అప్పుడు అతనికి కనపడిందల్లా బావ కొంచెం చిక్కాడని. అల్లం అమ్మిన రోజున ఒక బస్తా బియ్యం ఎక్కువ కొని వాగవతల దింపి వచ్చాడు.

తొంభై తొమ్మిదిలో దేశంలో మొదటిసారి భారతీయ సంతతివాడు ప్రధానమంత్రి అయ్యాడు. ఏడాది నిండిన రోజునే, రెండువేలు మే నెలలో, తుపాకులవాళ్ళు పార్లమెంటులో చొరబడి ఆయన్నీ తోటివాళ్ళనీ యాభై ఆరు రోజులు బందీలుగా పెట్టారు. లోయలో మళ్ళీ పశువుల్ని తోలుకుపోవడం, ఇళ్ళ మీద పడటం మొదలైంది. అపిసాయి ఒక పొద్దున్నే వచ్చాడు. లోపలికి రాలేదు, కంచె దగ్గరే నిలబడి మెడ వెనక రుద్దుకుంటూ మాట్లాడాడు.

"బావా, పాత చోటుకి వెళ్ళిపోండి. ఈసారి పరిస్థితి బాగాలేదు. మిషనూ విత్తనం అల్లమూ కూడా పట్టుకెళ్ళు, ఇక్కడుంటే మిగలనివ్వరు."

"ఎద్దుల్నేం చెయ్యను?"

"ఎద్దుల్ని కూడా. నేను చూసుకుంటాగా."

చిన్నప్పుడు అబద్ధం ఆడితే అపిసాయి మెడ రుద్దుకునేవాడు. బేచూకి ఆ సంగతి తెలుసు. చూశాడు కూడా. చూసి, పాపం సరిగ్గా నిద్రపోయినట్టు లేదనుకున్నాడు! నమ్మకం అంటే ఇలాగే ఏడుస్తుంది మరి, ఎదురుగా కనపడేదాన్ని కూడా చూడనివ్వదు.

పెద్దకూతురు అప్పటికే పెళ్ళయి వెళ్ళిపోయింది, గుహకి చేరింది బేచూ, రజ్వంతి, ఊర్మిళ ముగ్గురే. మూడో రోజు మధ్యాహ్నం పద్దెనిమిది మంది వచ్చారు. వెతకలేదు. కేకలు వెయ్యలేదు. వెదురు నరుక్కుంటూ తిన్నగా వచ్చారు. ముందున్నవాడు గుహలోకి వంగి చూసి వెనకవాళ్ళతో అన్నాడు: "ఇదుగో, చెప్పినట్టే ఉంది."

ఆ మాట బేచూ చెవిలో పడింది. తర్వాత వీపు మీద పడ్డ కర్రదెబ్బలు పెద్దగా గుర్తులేవంటాడు, ఆ మాట మాత్రం ఇప్పటికీ గుర్తే. కుట్టుమిషన్ ఒకడు భుజానికెత్తుకున్నాడు. విత్తనం అల్లం బస్తాలు మోసుకెళ్ళారు. రాజా అనే ఎద్దు తోలినవైపు నడిచింది. రెండోది, లాలూ, మొండికేసింది. దాన్ని అక్కడే, బేచూ కళ్ళ ముందే, నరికారు. ఊర్మిళ తల్లి ఒళ్ళో తల దాచుకుంది. ఆడవాళ్ళ మీద చెయ్యి వెయ్యలేదు, ఆ ఒక్క మాటా చెప్పుకోవాలి.

వాళ్ళు ముగ్గురూ వాగు వెంట దిగి వస్తుంటే రేవు దగ్గర అపిసాయి నిలబడి ఉన్నాడు. వీపు ఇటు తిప్పి ఉంది. బూట్లు తాళ్ళు కట్టి మెళ్ళో వేసుకున్నాడు.

"బావా!" అని పిలిచాడు బేచూ.

అతను తిరగలేదు. చెయ్యి మాత్రం నెమ్మదిగా పైకి లేచి మెడ వెనక్కి వెళ్ళింది. ఇంకోసారి పిలవబోతే రజ్వంతి భర్త చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి లాక్కుపోయింది.

లౌటొకా పట్నంలో ఒక హాలు నిండా ఇలా ఇళ్ళు వదిలి వచ్చినవాళ్ళే. చాపకీ చాపకీ మధ్య చీరలు అడ్డం కట్టుకుని అయిదు నెలల పైనే ఉన్నారు. రేషను బియ్యం, డబ్బా చేపలు. చేపలు తినని రజ్వంతి పప్పు కోసం వరసలో నిలబడేది. ఆస్ట్రేలియా నుంచీ న్యూజీలాండ్ నుంచీ విలేఖరులు వచ్చేవాళ్ళు, మైకులు పెట్టేవాళ్ళు. పెద్దదేశాలు ఈ దేశం మీద ఆంక్షలు పెడతామన్నాయి. పక్క చాపలవాళ్ళు వీసా కాగితాలు నింపుకుంటుంటే బేచూని కూడా అడిగారు.

"నాకెందుకండీ ఆస్ట్రేలియా? ఆగస్టులో అల్లం వెయ్యాలి. నేను మా ఊరు వెళ్ళాలి."

అతనికి కావలసింది అదొక్కటే. పోలీసులు వచ్చి పేర్లు అడిగితే పన్నెండు చెప్పాడు. అపిసాయి పేరు నోటికి రాలేదు. మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజు తనే స్టేషనుకి నడిచి వెళ్ళి పదమూడో పేరు చెప్పి వచ్చాడు. గుహ మీద పడ్డవాళ్ళని కళ్ళారా చూసింది అతనూ ఆడవాళ్ళిద్దరూ, ఇంకెవరూ లేరు. రజ్వంతి కోర్టు మెట్లెక్కనని ఖాయంగా చెప్పేసింది. కూతుర్ని ఎక్కించడం ఇద్దరికీ ఇష్టం లేదు. కేసు మొత్తం బేచూ నోటి మీదే నిలబడింది.

సెప్టెంబరు ఆఖరి వారంలో వాళ్ళు వచ్చారు. తెగ తరఫున మాట్లాడే పెద్దమనిషి తొమాసి, ఇంకో నలుగురు, వాళ్ళ వెనక తల వంచుకుని అపిసాయి. కూడా ఒక ప్రభుత్వ అధికారి, కెమెరా పట్టుకున్న ఇద్దరు. సిమెంటు నేల మీద అందరూ కింద కూచున్నారు. తొమాసి బుట్టలోంచి తంబువా తీశాడు. పాతది, పసుపు పచ్చగా పండిపోయింది, అరచేతి కన్నా పెద్దది. అంత మంచిది బేచూ ఎప్పుడూ చూడలేదు.

రజ్వంతి భర్త వెనక చేరి చెవిలో అంది, "ముట్టుకోకు ఊర్మిళ నాన్నా. నీకు దణ్ణం పెడతాను, ముట్టుకోకు."

"ఆచారమే, పన్ను తెచ్చారు."

"తెస్తే? లాలూని నరికినప్పుడు ఏమైంది ఆచారం?"

తొమాసి గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. తప్పు తమదన్నాడు. సిగ్గుతో ఊరు తలెత్తుకోలేకపోతోందన్నాడు. తప్పుని భూమిలో పూడ్చిపెట్టమని అడిగాడు. చివర్న గొంతు తగ్గించి అన్నాడు, "లైసాని ఉప్పు పోసి కొన్న బిడ్డా, ఇంటికి రా."

అంతే. బేచూకి కళ్ళు నిండాయి. వైతుంబులో పెరిగినవాడు అతను. తప్పు పూడ్చిన తర్వాత ఇరువైపులా ఎలా ఉంటారో చిన్నప్పట్నుంచీ చూశాడు. పెళ్ళాన్ని కొట్టి పంపినవాడు పన్ను పట్టుకెళితే, ఆ పిల్లని పదిమందీ కలిసి నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చుకునేవాళ్ళు. పోట్లాడుకున్న అన్నదమ్ములు మర్నాడు ఒకే పడవలో చేపలకి వెళ్ళేవాళ్ళు. పన్ను అందుకోవడమంటే ఇల్లు తిరిగి రావడమే. అతను రెండు చేతులూ చాచి అందుకున్నాడు. అందరూ అరచేతులు గుల్లగా చేసి మూడుసార్లు చప్పట్లు కొట్టారు. అపిసాయి మోకాళ్ళ మీద వచ్చి బావని కావలించుకుని భోరుమన్నాడు. కెమెరావాళ్ళకి పండగే పండగ. అధికారి ఒక కాగితం ముందు పెట్టాడు, బేచూ దాని మీద సంతకం చేశాడు. ఈసారీ చదవలేదు.

ఫిర్యాదు చేసినవాడే ఆచారం ప్రకారం క్షమించాడు కాబట్టి ఇక విచారించడానికేమీ లేదని కోర్టులో చెప్పారు. పదమూడు మందీ పది నిమిషాల్లో బయటికొచ్చారు. బేచూ దానికి బాధపడలేదు. పూడ్చిపెట్టినదాన్ని మళ్ళీ తవ్వడమెందుకని రజ్వంతికే నచ్చజెప్పాడు.

నవంబరు మధ్యలో నాలుగు రేకులూ ఒక సంచి మేకులూ కొనుక్కుని వైతుంబు బస్సెక్కాడు. ఇల్లు బాగుచేసుకున్నాక ఆడవాళ్ళని తీసుకురావాలని. కంచె దాటి చూస్తే పదకొండు ఎకరాలూ పచ్చగా ఉన్నాయి. అల్లం! తనకెవరు వేసిపెట్టారోనని ఒక్క క్షణం పొంగిపోయాడు, పిచ్చి మారాజు. వంగి ఒక మొక్కని పట్టుకుని చూశాడు. మోకాలెత్తు, నాలుగేసి పిలకలు. ఇంకొకటి చూశాడు. అదీ అంతే.

నలభై ఏళ్ళు అల్లం వేసినవాడికి ఎవరు లెక్క చెప్పాలి? మూడు నెలల మొక్క అది. అంటే ఆగస్టులో వేశారు. క్షమాపణకి వచ్చింది సెప్టెంబరు ఆఖర్న. తన విత్తనం తన మళ్ళలో పాతి, ఆ తర్వాత చేతులు కడుక్కుని పన్ను పట్టుకుని వచ్చారు. తన భుజం మీద తల పెట్టి భోరున ఏడ్చిన మనిషి గోళ్ళలో అప్పటికి తన పొలం మన్నే ఉంది. బేచూ గట్టు మీద కూలబడిపోయాడు. కింది మడిలో సాళ్ళ మధ్య రాజా నాగలి లాగుతోంది. దాని వెనక లెబనాన్ బూట్లు.

అపిసాయి అతన్ని చూసి నాగలి వదిలేసి వచ్చాడు. మెడ రుద్దుకున్నాడు.

"కౌలు వచ్చే నెలతో అయిపోతుంది కదా బావా. తెగ నాకిచ్చింది. నేను తీసుకోకపోతే ఇంకొకడు తీసుకునేవాడు."

"మరి ఇంటికి రమ్మన్నారేం?"

"రా. ఎప్పుడైనా రా. మా ఇంట్లో ఉండు. నిన్ను కాదంటామా?"

బేచూ నేరుగా తొమాసి దగ్గరికి వెళ్ళి అదే అడిగాడు. ముసలాయన కళ్ళు కలపకుండా చెప్పాడు: "క్షమాపణ క్షమాపణే, కౌలు కౌలే. పన్ను ఇచ్చింది జరిగినదానికి. భూమి సంగతి అందులో ఎవరూ అనలేదు నాయనా."

నిజమే, ఎవరూ అనలేదు. ఎంత జాగ్రత్తగా మాట్లాడారు! రేకులు బస్టాపులో ఎవరికో ఇచ్చేసి బేచూ వెనక్కి వచ్చాడు. రజ్వంతి ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పి ఉంటే బావుండేదనిపించింది అతనికి.

నౌసోరీ పట్నంలో మార్కెట్టు దగ్గర చిన్న గది తీసుకున్నారు. ఊర్మిళకి బట్టల కొట్లో పని దొరికింది. తంబువాని దిండు గలీబులో చుట్టి పెట్టెలో పెట్టారు. అమ్మేస్తే మంచి ధర వస్తుందని ఒకరిద్దరన్నారు. బేచూ వినలేదు. ఫిబ్రవరిలో ఒక శనివారం ఫిజియన్లు కట్టే నల్ల లుంగీ, సులూ, కట్టుకుని, ఒక కట్ట యంగోనా వేళ్ళు కొనుక్కుని, ఆ పన్ను తీసుకుని బస్సెక్కాడు.

ఊరి సభ ఇంట్లోకి చెప్పులు విడిచి, వంగి వెళ్ళి, గుమ్మం పక్కన తక్కువవాళ్ళు కూచునేచోట కూచున్నాడు. తెగ మొత్తం ఉంది. అతను బుట్ట తెరిచి తంబువా తీసేసరికి జనంలో కదలిక వచ్చింది. తమ పన్నే! తొమాసి మొహం వాడిపోయింది. భూమి అడుగుతాడు, పదిమందిలో కాదనడం ఎలా? అపిసాయి చాపని గోటితో గీకుతున్నాడు.

బేచూ మోకాళ్ళ మీద ముందుకు జరిగి అపిసాయి ఎదుట ఆగాడు. పన్నుని రెండు చేతుల్లో పట్టుకుని, ఊళ్ళో పెద్దలు చెప్పేటట్టే వరసగా చెప్పాడు. ముందు భూమికి నమస్కారం, తెగ పెద్దకి నమస్కారం, పోయిన లైసానికి నమస్కారం. ఒక్క మాట పొల్లు పోలేదు. ఒక ముసలావిడ కళ్ళు తుడుచుకుంది.

"నేను వచ్చింది భూమి కోసం కాదు" అన్నాడు.

అపిసాయి బిగబట్టిన ఊపిరి వదిలాడు. మొహం వెలిగింది. చెయ్యి దానంతటదే ముందుకొచ్చి పన్నుని పట్టేసుకుంది. ఈసారి నెమ్మది బావా అని చెప్పేవాళ్ళు లేరు.

బేచూ తన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"నేను అడిగేది ఇదీ. ఇవాళ్టినుంచి నన్ను బావా అని పిలవకు. నేను నిన్ను పిలవను. నా భార్య నీకు చెల్లెలు కాదు. లైసాని అమ్మ కొన్న బిడ్డ ఆ గుహలో చచ్చిపోయాడు. నేను కౌలు అయిపోయి వెళ్ళిపోయిన మనిషిని. దారిలో కనపడితే పరాయివాళ్ళు ఎలా పలకరించుకుంటారో అలా పలకరించుకుందాం."

అపిసాయి పన్నుని వెనక్కి ఇవ్వబోయాడు. "బావా, వద్దు, ఇంకేదైనా అడుగు. రాజాని తీసుకుపో. సగం పొలం... బావా!"

"ఆగు" అన్నాడు తొమాసి. "అందుకున్నావు. ఆ పిలుపు ఇక అనకూడదు."

చప్పట్లు కొడితేగానీ తంతు పూర్తి కాదు. ఎవరికీ చేతులు రావడం లేదు. చివరికి ఆ ముసలావిడే ఒక్కతే అరచేతులు గుల్లగా చేసి మూడుసార్లు కొట్టింది. బేచూ వంగి వంగి గుమ్మం దాకా వెళ్ళి, చెప్పులు వేసుకుని బస్టాపుకి నడిచాడు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. బేచూ మార్కెట్టులో పచ్చిమిరప, కొత్తిమీర పోసుకుని కూచుంటాడు. ఒక జూన్‌లో అపిసాయి అతని బల్ల ముందు ఆగాడు. ఎవరి ముసలితనం వాళ్ళకి ఎదుటివాడిలో కనపడింది. అపిసాయి భుజాన సగం నిండిన అల్లం సంచి ఒక్కటే ఉంది.

"బా..." అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "బేచూ గారూ, బాగున్నారా అండీ?"

"బాగున్నానండీ. మీరెలా ఉన్నారు? అల్లం ఎలా పండిందండీ?"

"ఏం పంటండీ. ఏటేటా ఇంతే. పై మడంతా కుళ్ళిపోతోంది. నీళ్ళెందుకు నిలుస్తున్నాయో ఎవరికీ అంతు పట్టట్లేదు. మందులు కొట్టాం, గట్లు తెగ్గొట్టాం..."

అతను బేచూ మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. అడగలేదు. అడిగే వరస లేదు. జనవరి మొదటి వారం, మూలన రాళ్ళదారి, రెండడుగులు తవ్వితే చాలు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. దుంప మొహం బావా, ఇన్నేళ్ళు దాని మీదే నడుస్తూ కూడా తెలుసుకోలేకపోయావా అని తిట్టి మరీ చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది.

"అయ్యో, అలాగా అండీ" అన్నాడు బేచూ.

అపిసాయి తల ఊపి సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం బల్ల కట్టేసి ఇంటికొచ్చి, పప్పు ఏరుకుంటున్న రజ్వంతి పక్కన పీట వేసుకుని కూచున్నాడు.

"ఇవాళ వాడు కనపడ్డాడే. పై మడి కుళ్ళిపోతోందట. నేను చెప్పలేదు" అన్నాడు, అని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. రజ్వంతి చేట పక్కన పెట్టి అతని వీపు నిమురుతూ కూచుంది.